బందరును వరసగా చూడటం ఎలా: అద్దకపు గుడ్డ నుంచి సముద్రం దాకా రెండు రోజుల మార్గదర్శి

మచిలీపట్నానికి వచ్చే యాత్రికుల్లో ఎక్కువమంది నేరుగా మంగినపూడికి వెళ్ళి సముద్రస్నానం చేసి, దారిలో పాండురంగస్వామిని దర్శించుకుని, తొక్కుడు లడ్డు ఒక పొట్లం కట్టించుకుని సాయంత్రం బస్సుకు తిరిగిపోతారు. అందులో తప్పేమీ లేదు గానీ, గోల్కొండ సుల్తానుల కాలంలో తూర్పు తీరంలోనే పెద్ద రేవుల్లో ఒకటిగా వెలిగిన ఊరికి వచ్చి ఆ రేవు జాడేదీ చూడకుండా వెళ్ళినట్టవుతుంది. చూద్దామని నడుం కట్టినవారికి ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది. హంపిలోలాగా ఇక్కడ అన్నీ ఒకచోట కనిపించవు. ఉన్నవి కొన్నే, అవి కూడా ఊరంతా చెదిరి ఉన్నాయి, వాటి దగ్గర వివరాలు చెప్పే పలకలు తక్కువ. అందుకే బందరు విషయంలో ఏం చూడాలన్నదాని కంటే ఏ వరసలో చూడాలన్నది ముఖ్యమని నా అభిప్రాయం.

ఈ మార్గదర్శిలో పాటించిన వరస ఊరు పెరిగిన వరసే. ముందు గుడ్డ, తర్వాత ఆ గుడ్డ కోసం వచ్చినవారి సమాధులు, ఆ తర్వాత వారు తమలో తాము పోట్లాడుకున్న కోట, అన్నిటికంటే చివర సముద్రం. ఇలా చూస్తే ఒకటి చూశాక ఇంకొకటి ఎందుకు చూస్తున్నామో తెలుస్తూ ఉంటుంది. దీనికి నింపాదిగా రెండు రోజులు కావాలి. ఒక్క రోజే ఉన్నవారు ఏది వదులుకోవచ్చో ఆయా చోట్ల చెప్పాను.

మొదటి అడుగు: కాలాన్ని ఎంచుకోవడం

డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. ఎండ తీవ్రంగా ఉండదు, కలంకారీ అద్దకం జరిగే పెడనలో గుడ్డలు ఆరబెట్టడానికి చాలినంత ఉంటుంది, కోట దగ్గర నేల గట్టిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోత వల్ల ఉదయం పది దాటాక బయట తిరగడం కష్టం. వర్షాకాలంలో ఎండ లేక అద్దకం పని మందగిస్తుంది, పైగా నల్లరేగడి చెప్పులకు అంటుకుని ఒక్కో అడుగూ బరువవుతుంది.

అక్టోబరు, నవంబరు నెలల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఈ తీరాన్ని దెబ్బతీసిన పెద్ద తుపానుల్లో రెండు నవంబరులోనే వచ్చాయి: 1864 నవంబరు 1న బందరును ముంచెత్తినది ఒకటి, 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టినది రెండోది. ఇప్పుడు బందరులోనే వాతావరణశాఖ వారి రాడార్ కేంద్రం ఉంది, హెచ్చరికలు చాలా ముందుగా అందుతున్నాయి. కాబట్టి ఆ నెలల్లో రావద్దనడం లేదు. బయలుదేరే ముందు వార్తలు చూసుకుని, రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరవేశారన్న మాట వినబడితే ప్రయాణాన్ని వాయిదా వేసుకోవాలి. ఆ అంకె చిన్నదేనని తేలిగ్గా తీసుకోకూడదు. ఆ రోజుల్లో పడవలు సముద్రంలోకి వెళ్ళవు, తీరానికి పోనివ్వరు, ఈదురుగాలుల్లో చూడగలిగేదీ ఉండదు.

కార్తీక పౌర్ణమికీ మాఘ పౌర్ణమికీ మంగినపూడికి జనం వేలాదిగా వస్తారు. పుణ్యస్నానమే మీ ఉద్దేశమైతే అప్పుడే రావాలి. ఊరు చూడటం ఉద్దేశమైతే ఆ రెండు రోజులూ తప్పించుకోవాలి.

రెండో అడుగు: చేరుకోవడం, సరంజామా

విజయవాడ నుంచి మచిలీపట్నం సుమారు 70 కిలోమీటర్లు. పుణె నుంచి హైదరాబాదు, విజయవాడల మీదుగా వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి ఉయ్యూరు, పామర్రు దాటి ఇక్కడే ముగుస్తుంది. విజయవాడ పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్ నుంచి ఆర్టీసీ బస్సులు తరచుగా ఉంటాయి. రైలులో రావాలనుకునేవారికి గుడివాడ మీదుగా శాఖామార్గం ఉంది. ఆ రైళ్ళు పెడన మీదుగానే వస్తాయి కాబట్టి, సామాను తక్కువగా ఉంటే పెడనలోనే దిగి మొదటి ఉదయాన్ని అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. విమానంలో వచ్చేవారు గన్నవరంలో దిగాలి.

బస బందరులో పెట్టుకోవడమే మేలు. విజయవాడలో ఉండి రోజూ వచ్చిపోతే మీకు కావలసిన ఉదయపు వెలుగంతా రహదారి మీదే ఖర్చవుతుంది. ఊళ్ళో తిరగడానికి ఆటో చాలు. ఒక్కో చోటికి ఒక్కో ఆటో ఎక్కే బదులు, సగం రోజుకు ఒకే ఆటోను మాట్లాడుకుని, వెళ్ళవలసిన చోట్లన్నీ ముందే చెప్పి, ఆగినచోట నిరీక్షణతో సహా ధర తేల్చుకోవాలి. "డచ్ సెమెట్రీ" అంటే అందరికీ తెలియకపోవచ్చు, "వలందుల సమాధులు", "తెల్లవాళ్ళ సమాధులు" అని కూడా అడిగి చూడాలి.

వెంట ఉండవలసినవి: మడమలు కప్పే బూట్లు, గొడుగు లేదా టోపీ, తాగునీరు, దోమల మందు, చేతిలో ఇమిడే టార్చిలైటు. పట్టపగలు టార్చిలైటు ఎందుకని అనిపించవచ్చు. నాలుగో అడుగులో దాని పని ఉంది.

మూడో అడుగు: పెడనలో మొదటి ఉదయం

బందరుకు సుమారు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న పెడన ఈ యాత్రకు నిజమైన ప్రవేశద్వారం. క్రీస్తుశకం తొలి శతాబ్దాల గ్రీకు నావికుల రచనల్లో ఈ ప్రాంతం మసాలియా పేరుతో సన్నని నూలు బట్టలకు ప్రసిద్ధిగా కనిపిస్తుంది. పదిహేడో శతాబ్దంలో డచ్చివారు ఇక్కడికి రావడానికి మూలకారణం కూడా బట్టే. తూర్పు ద్వీపాల్లో లవంగాలు, జాజికాయలు అమ్మేవారు బదులుగా కోరమాండల్ తీరపు అద్దకపు బట్టలు కోరేవారు. ఆ బట్టలు చేతిలో లేకపోతే సుగంధద్రవ్యాల బేరం సాగేది కాదు. అందుకే సమాధులకంటే ముందు అచ్చుబల్ల చూడమంటున్నాను.

ఉదయం ఎనిమిదింటికల్లా చేరుకోవాలి. అద్దకం, ఉతుకు, ఆరబెట్టడం ఎండతో పాటు నడిచే పనులు, మధ్యాహ్నం తర్వాత వెళ్తే మడతపెట్టిన గుడ్డలే మిగులుతాయి. పండుగ రోజుల్లోనూ వారపు సెలవు నాడూ పని ఉండదు కాబట్టి ముందు రోజే ఫోనులో కనుక్కోవాలి. కార్ఖానాలు చాలావరకు ఇళ్ళకు ఆనుకుని ఉంటాయి. గుమ్మంలో నిలబడి అడిగి, అనుమతి తీసుకుని లోపలికి వెళ్ళాలి, ఫొటోలకు విడిగా అడగాలి. డిజైన్లు నకలు కొట్టేవారి బెడద ఉన్న వృత్తి ఇది. అచ్చులను దగ్గర నుంచి ఫొటో తీయవద్దని ఎవరైనా అంటే నొచ్చుకోనవసరం లేదు.

చూడవలసిన పని క్రమం ఇలా ఉంటుంది. ముందు ముతక నూలుగుడ్డను బాగా ఉతికి, గంజి వదలగొట్టి, కరక్కాయ పొడి కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. గుడ్డ లేత పసుపురంగుకు తిరుగుతుంది. కరక్కాయలోని వగరు గుడ్డలో నిలవడమే తర్వాత జరిగే రసాయన చర్యకంతటికీ ఆధారం. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపు నీళ్ళలో రోజుల తరబడి పులియబెట్టి తీసిన ద్రావణాన్ని అచ్చుతో అద్దినప్పుడు, అది కరక్కాయ వగరుతో కలిసి మన కళ్ళ ముందే నల్లబడుతుంది. ఎరుపు మాత్రం వెంటనే కనబడదు. ఎర్రగా రావలసిన చోట పటిక ద్రావణాన్ని అద్ది, కొన్ని రోజులు వదిలేసి, పారేనీటిలో ఉతికి, తర్వాత పెద్ద రాగి కాగుల్లో రంగునిచ్చే దినుసులతో కలిపి ఉడకబెడతారు. ఒకప్పుడు దీనికి చిరివేరు వాడేవారు. పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. పసుపు, ఆకుపచ్చ, నీలం వంటివి ఆ తర్వాతి దశల్లో చేరతాయి.

ఇవన్నీ ఒకే కార్ఖానాలో ఒకే ఉదయం జరగకపోవచ్చు. ఒకచోట అద్దకం, మరోచోట ఉడకబెట్టడం జరుగుతుంటే రెండు చోట్లా కాసేపు నిలబడాలి. అచ్చు వేసే మనిషి చేతుల్ని ప్రత్యేకంగా గమనించమని నా సలహా. ఎడమచేతి వేళ్ళు అచ్చు మూలను పాత ముద్ర అంచుకు ఆనిస్తాయి, కుడి అరచేయి అచ్చు వీపు మీద ఒక్క దెబ్బ వేస్తుంది, అచ్చు లేస్తుంది. గీత గీసిన కొలత ఏదీ ఉండదు. టేకు చెక్క మీద తీగలు, మామిడిపిందెలు, సైప్రస్ చెట్లు చెక్కే అచ్చుల పనివారు దొరికితే వారి దగ్గరా ఆగాలి. ఒక డిజైనుకు ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు కావాలన్న సంగతి అక్కడే అర్థమవుతుంది. ఆ సైప్రస్ చెట్లూ కమానులూ పారశీక అభిరుచివి. గోల్కొండ దర్బారుకూ, సముద్రం దాటి పర్షియాకూ ఈ బట్టలు వెళ్ళిన కాలపు గుర్తులవి. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, ఇక్కడ ప్రధానంగా అచ్చుతో అద్దుతారు. మచిలీపట్నం కలంకారీకి 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

కొనదలచుకున్నవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. స్క్రీన్ ప్రింటు చేసిన బట్టలు కూడా కలంకారీ పేరుతోనే అమ్ముడవుతున్నాయి. ఒకే పువ్వును నాలుగైదు చోట్ల పోల్చి చూడాలి. చేతి అచ్చయితే ఒకచోట రంగు కాస్త చిక్కగా, మరోచోట పలచగా, అంచులు కలిసేచోట వెంట్రుకవాసి తేడాగా ఉంటుంది. అన్నీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే అనుమానించాలి. సహజ రంగులా, రసాయన రంగులా అని సూటిగా అడిగితే చాలామంది నిజమే చెబుతారు, రెండింటికీ ధర వేరు మరి.

నాలుగో అడుగు: వలందుల సమాధుల దగ్గర మధ్యాహ్నం తర్వాత

భోజనం ముగించుకుని, ఎండ వాలే దాకా ఆగి, మూడున్నర నాలుగు గంటల వేళ డచ్చి శ్మశానానికి వెళ్ళాలి. ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలం. గేటుకు తాళం ఉంటే చుట్టుపక్కల అడిగి కాపలాదారును పిలిపించుకోవాలే తప్ప గోడ దూకే ఆలోచన చేయకూడదు.

డచ్చివారు 1605లో ఈ రేవుకు వచ్చి, మరుసటి ఏడే గోల్కొండ సుల్తాను అనుమతితో వర్తక స్థావరం ఏర్పరచుకున్నారు. ఇక్కడ పడుకున్నవారు చాలావరకు డచ్చి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు, వారి భార్యలు, పిల్లలు. పెద్ద రాతిపలకల మీద వంశచిహ్నాలు, శిరస్త్రాణాలు, ఆకుల అల్లికలు ఉబ్బెత్తుగా చెక్కి ఉంటాయి. పులికాట్‌లోనూ భీమునిపట్నంలోనూ ఉన్న డచ్చి సమాధులు చూసినవారు ఈ పనితనాన్ని వెంటనే పోల్చుకుంటారు.

ఇక్కడే టార్చిలైటు పని. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు రాయి మీది అక్షరాలు చదునుగా కలిసిపోయి ఏమీ కనిపించవు. సాయంత్రపు ఏటవాలు ఎండలో అక్షరాల పక్కన సన్నని నీడ పడి రాత లేచి నిలుస్తుంది. చెట్టునీడ పడిన రాళ్ళకు టార్చిలైటును పలకకు ఆనించినంత దగ్గరగా, పక్కవాటుగా పట్టుకుని వెలుగు వేస్తే అదే ఫలితం వస్తుంది. సుద్దపొడి రుద్దడం, నీళ్ళు చల్లి గోకడం, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ముద్ర తీయడం వంటివి చేయకూడదు. వాటివల్ల ఇప్పటికే ఉప్పుగాలికి పొరలు లేస్తున్న రాయి మరింత పాడవుతుంది.

అక్షరాలు రోమన్ లిపివే అయినా చదవడం మొదట కష్టమనిపిస్తుంది. మాటల మధ్య ఖాళీ సరిగ్గా వదలరు, రెండేసి అక్షరాలు ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి, "యు" ఉండవలసిన చోట "వి" ఆకారం ఉంటుంది. కొన్ని మాటలు గుర్తుపెట్టుకుంటే సగం రాళ్ళు దారికి వస్తాయి. ఈ తీరంలోని డచ్చి సమాధుల రాత మామూలుగా "హీర్ లెగ్ట్ బెగ్రావెన్" అనే మాటలతో మొదలవుతుంది, ఇక్కడ ఖననమై ఉన్నారని దాని అర్థం. "కోప్‌మన్" అంటే వర్తకుడు, "ఆపర్‌కోప్‌మన్" అంటే కంపెనీ హోదాల్లో అంతకు పైమెట్టు, "ఆపర్‌హోఫ్ట్" అంటే స్థావరానికి పెద్ద. "హౌస్‌వ్రావ్" అని ఉంటే ఆ సమాధి ఎవరో ఒకరి భార్యది. "ఆన్నో" తర్వాత వచ్చే అంకె సంవత్సరం. చనిపోయిన తేదీ పక్కన వయసును ఏళ్ళు, నెలలు, రోజులతో సహా చెక్కించిన రాళ్ళు కనిపిస్తే, తేదీలు తీసివేసి చూడాలి. ముప్ఫై దాటకుండా పోయినవారు ఎందరో తెలుస్తుంది. ఈ ఊరి వేడికి, జ్వరాలకు తట్టుకోలేకపోయినవారు వారిలో ఉండి ఉంటారు.

ఒక్క రోజే ఉన్నవారు పెడననూ ఈ శ్మశానాన్నీ కోటనూ ఉంచుకుని మిగిలినవి వదిలేయవచ్చు.

ఐదో అడుగు: పేటల మీదుగా సెయింట్ మేరీస్ చర్చికి

శ్మశానం నుంచి బయటికి వచ్చాక ఊళ్ళో గుండా వెళ్ళేటప్పుడు పేటల పేర్లు ఆటో అతన్ని అడుగుతూ ఉండాలి. వలందపాలెం డచ్చివారిది, పరాసుపేట ఫ్రెంచివారిది, ఇంగ్లీషుపాలెం ఎవరిదో చెప్పనక్కరలేదు. ఇంగ్లీషువారు 1611లో ఇక్కడ దిగారు, 1632లో గోల్కొండ సుల్తాను నుంచి బంగారు ఫర్మానాగా పేరుపొందిన వర్తక హక్కుల పత్రం సంపాదించారు. ఈ తీరంలో వారి పెత్తనానికి 1641లో చెన్నపట్నపు కోటకు మారేదాకా బందరే కేంద్రం. ఫ్రెంచివారు 1669లో స్థావరం పెట్టారు.

ఇన్ని జాతులవారు ఇన్నాళ్ళు ఉన్న ఊళ్ళో ఆ కాలపు మేడ ఒక్కటీ కనిపించదేమని నిరాశపడేవారు ఉంటారు. 1652లో ఇక్కడ దిగిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే, ఇళ్ళన్నీ కర్రతో కట్టినవని రాశాడు. అదే వర్తకుడు బంగాళాఖాతంలో ఇంత మంచి లంగరుచోటు మరొకటి లేదని, పెగూ, సయాం, బెంగాల్, మక్కా, హొర్ముజ్‌లకు ఇక్కడి నుంచే ఓడలు పోతాయని కూడా చెప్పాడు. కర్ర ఇళ్ళను చెదపురుగులూ నిప్పూ తుపానులూ ఉంచవు. కాబట్టి వీధుల్లో మేడల కోసం వెతకడం మాని, రాతితో కట్టినవాటి మీదే దృష్టి పెట్టాలి.

అటువంటిది సెయింట్ మేరీస్ చర్చి. దీన్ని జాన్ పేటర్ అనే ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ సేనాని, 1809లో మరణించిన అరబెల్లా రాబిన్సన్ అనే యువతి జ్ఞాపకార్థం కట్టించాడు. ఆమెను క్రైస్తవ శ్మశానంలో ఖననం చేయడానికి మతాధికారి ఒప్పుకోకపోతే, ఆ సేనాని స్థలం కొని ఆమె సమాధి చుట్టూ చర్చినే లేపాడని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆమె దేహాన్ని గాజుపెట్టెలో భద్రపరిచాడన్న కథ కూడా వినబడుతుంది. వినడానికి బాగుంటుంది గానీ గైడు చెప్పినదంతా చరిత్రగా రాసుకోవద్దు. ప్రార్థనలు జరిగే చర్చి ఇది. ఆదివారం ఉదయం చూపులకు వెళ్ళకూడదు, మిగతా వేళల్లో చెప్పులు, మాటల విషయంలో గుడికి వెళ్ళినప్పటి మర్యాదే పాటించాలి.

ఆరో అడుగు: సాయంత్రం, లడ్డు

వెలుగు ఇంకా ఉంటే ఆంధ్ర జాతీయ కళాశాల వైపు వెళ్ళాలి. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యల ప్రయత్నంతో 1910లో మొదలైన విద్యాసంస్థ ఇది. జాతీయ పతాక రూపశిల్పిగా మనం తలుచుకునే పింగళి వెంకయ్య ఇక్కడ పనిచేశారు, అడివి బాపిరాజు ప్రిన్సిపాలుగా ఉన్నారు. కృష్ణాపత్రిక 1902లో ఈ ఊరిలోనే పుట్టింది, ఆంధ్రాబ్యాంకు 1923లో ఇక్కడే తలుపులు తెరిచింది. రేవు చచ్చిపోయిన తర్వాత కూడా బందరు చదువులతో, పత్రికలతో బతికిందని ఈ కాస్త దూరంలోనే తెలిసిపోతుంది.

బందరు లడ్డు బూందీ లడ్డు కాదు. శనగపిండిని పూసగా వేయించి, దాన్ని రోట్లో దంచి, జల్లించి, బెల్లపు పాకంలో వేసి మళ్ళీ మళ్ళీ తొక్కి ఉండలు కడతారు. తొక్కుడు లడ్డు అనే పేరు అందుకే. నోట్లో వేసుకుంటే పలుకు తగలకూడదు, నెయ్యి వేలికి అంటాలి. గోధుమపాలతో, బెల్లంతో చేసే నల్ల హల్వా కూడా ఈ ఊరిదే, నా ఓటు దానికే. ముందు రుచికి చిన్నముక్క అడిగి, ఆ రోజు చేసినదా కాదా కనుక్కుని కట్టించుకోవాలి. ఊరికి తీసుకుపోవడానికైతే తిరుగు ప్రయాణం రోజున కొనడం మంచిది.

ఏడో అడుగు: రెండో రోజు ఉదయం కోట, గిలకలదిండి

పొద్దుటే ఆరింటికి బయలుదేరి గిలకలదిండి చేపల రేవుకు వెళ్ళాలి. వేట నుంచి వచ్చిన పడవల సరుకు దించడం, వేలంపాట పాడటం, మంచు కొట్టడం అన్నీ ఆ వేళకే జరుగుతాయి. దారికి అడ్డం నిలబడకుండా, తడినేల మీద జారిపడకుండా ఒక పక్కగా ఉంటే చాలు, ఎవరూ ఏమీ అనరు. ఇక్కడ గమనించవలసింది నీటి లోతు. పెద్ద ఓడలు తీరానికి వచ్చే వీలే లేదు. కంపెనీల కాలంలోనూ అంతే, ఓడలు దూరాన లంగరు వేస్తే సరుకును చిన్న పడవల్లో చేరవేసేవారు. కృష్ణ తెచ్చిపోసే ఒండ్రు ఈ తీరాన్ని మెరక చేస్తూనే ఉంది. ఓడలు పెద్దవయ్యే కొద్దీ రేవు పనికిరాకుండా పోయింది. ఇప్పుడు ఇదే తీరంలో లోతు తవ్వి కొత్త ఓడరేవు కడుతున్నారు.

దగ్గరలోనే బందరుకోట. కోట అనగానే కొండపల్లినో గోల్కొండనో ఊహించుకుని వెళ్తే నిరాశ తప్పదు. మట్టిమేటలు, ఆయుధాగారమని చెప్పుకునే పాత ఇటుక కట్టడం, పిచ్చిమొక్కలు, చుట్టూ పర్ర, అంటే బురదనేల. గడ్డి ఏపుగా ఉన్నచోట పాముల భయం ఉంటుంది కనుక బూట్లు వేసుకుని, కాలిబాట వదలకుండా నడవాలి. కూలేలా ఉన్న కప్పుల కిందికి పోకూడదు.

ఇక్కడ చూడవలసింది గోడలకంటే చుట్టూ ఉన్న బురదనేల. కోటకు అసలైన కందకం అదే. ఊరినీ కోటనూ కలిపేది పర్రల మధ్యగా వేసిన ఒక్క కట్టదారి. 1759 మార్చిలో ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ ఇక్కడికి వచ్చేటప్పటికి లోపల ఫ్రెంచివారు కాన్‌ఫ్లాన్ నాయకత్వంలో ఉన్నారు, వారికి సాయంగా హైదరాబాదు నుంచి నిజాం సలాబత్‌జంగ్ పెద్ద సైన్యంతో వస్తున్నాడు. ఫోర్డ్ దగ్గర మందుగుండు, డబ్బు అయిపోవస్తున్నాయి. ఏప్రిల్ 7 రాత్రి అతడు మూడువైపుల నుంచి కదిలాడు. అతని పక్షాన ఉన్న విజయనగరం ఆనందరాజు సైనికులు కట్టదారి వైపు సందడి చేశారు, కెప్టెన్ నాక్స్ నైరుతిన బురదలో దిగి లోపలివారి చూపు తనవైపు తిప్పాడు, అసలు దాడి ఈశాన్య బురుజు మీద పడింది. తెల్లవారేసరికి కోట లొంగిపోయింది. మే నెలలో సలాబత్‌జంగ్ బందరును, చుట్టుపట్ల సీమలను ఇంగ్లీషువారికి రాసిచ్చాడు. సర్కారు జిల్లాల్లో ఫ్రెంచివారి పలుకుబడి అంతటితో ముగిసింది. కట్టదారి వైపు ముఖం పెట్టి నిలబడి, నైరుతి ఏదో ఈశాన్యం ఏదో ఫోనులోని దిక్సూచితో చూసుకుంటే, ఈ పోరాటం నేల మీద ఎలా నడిచిందో పదినిమిషాల్లో అర్థమవుతుంది. ఏ పలకా అంత బాగా చెప్పదు.

కోటను చివరికి ఖాళీ చేయించింది శత్రువు కాదు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన పదమూడు అడుగుల ఎత్తున వచ్చి ఊళ్ళ మీదుగా మైళ్ళ దూరం లోపలికి పాకింది. చనిపోయినవారు సుమారు 30,000 మంది. ఆ తర్వాత ఇక్కడ సైన్యాన్ని ఉంచడం మానేశారు. కోట నేల నుంచి ఊరివైపు చూస్తే మధ్యలో ఆ నీటికి అడ్డం పడగల మెరక ఎక్కడా కనిపించదు.

ఎనిమిదో అడుగు: చిలకలపూడి మీదుగా మంగినపూడికి

చిలకలపూడిలో ఆగవలసినవి రెండు. ఒకటి భక్త నరసింహం 1929లో కట్టించిన పాండురంగస్వామి ఆలయం. రెండోది గిల్టు నగల పని. రాగి మీద బంగారు పూత పూసే రోల్డ్‌గోల్డ్ నగలకు ఈ పేట దేశమంతటా పేరు పొందింది, మామూలు దుకాణాల్లో పెళ్ళినగల నమూనాలన్నీ దొరుకుతాయి.

మంగినపూడి ఊరికి సుమారు పదకొండు కిలోమీటర్లు. ఇసుక బంగారు వన్నెలో మెరవదు, నల్లమట్టి కలిసిన తీరం ఇది. లోతు ఎక్కువగా లేదని చాలా దూరం నడుస్తూ పోయేవారు ఉంటారు. మడుగులు, గుంటలు కంటికి కనిపించవు, ఆటుపోట్ల వేళ లాగుడు ఉంటుంది. మోకాలు లోతు దాటకుండా, గజ ఈతగాళ్ళూ పోలీసులూ ఉండేచోటనే స్నానం చేయాలి, పిల్లల చేయి వదలకూడదు. తీరాన దత్తాశ్రమం, దీపస్తంభం ఉన్నాయి. ఎండ ఎక్కక ముందే, అంటే కోట చూసిన వెంటనే తొమ్మిది పది గంటల మధ్య ఇక్కడికి చేరితే బాగుంటుంది.

తొమ్మిదో అడుగు: తిరుగు దారిలో

సొంత వాహనం ఉన్నవారు వచ్చిన దారినే తిరిగి పోకుండా చల్లపల్లి వైపు మళ్ళాలి. చల్లపల్లికి దగ్గరలోని ఘంటసాల, గ్రీకు భూగోళ రచయిత టాలెమీ కంటకస్యల అని పేర్కొన్న రేవుగా గుర్తించిన చోటు. బౌద్ధస్తూపపు శిథిలాలు, అక్కడ దొరికిన శిల్పాలు ఉంచిన చిన్న ప్రదర్శనశాల, జలధీశ్వరాలయం ఒకే ఊరిలో చూడవచ్చు. ప్రదర్శనశాలకు వారంలో ఒకరోజు సెలవు ఉంటుంది, ముందే కనుక్కోవాలి. సముద్రం ఇప్పుడు చాలా దూరంలో ఉంది. ఉదయం గిలకలదిండిలో చూసిన ఒండ్రు పని ఇంకాస్త పెద్ద ఎత్తున రెండువేల ఏళ్ళు సాగితే రేవు ఏమవుతుందో ఇక్కడ పొలాల మధ్య నిలబడితే తెలుస్తుంది.

సమయం మిగిలితే ఆంధ్ర మహావిష్ణువు ఆలయమున్న శ్రీకాకుళం కూడా ఈ ప్రాంతంలోనే ఉంది, జిల్లాకేంద్రమైన శ్రీకాకుళంతో దీన్ని పొరబడవద్దు. శ్రీకృష్ణదేవరాయలకు ఆముక్తమాల్యద రాయమని స్వప్నాదేశం దొరికిన చోటు ఇది. చల్లపల్లి నుంచి పామర్రు వెళ్ళే దారిలోనే కూచిపూడి వస్తుంది. నాట్యక్షేత్రం చూడాలనుకుంటే సాయంత్రం శిక్షణ జరిగే వేళకు చేరేలా ఘంటసాలలో తొందరగా ముగించుకోవాలి. పామర్రులో 65వ నంబరు రహదారి మళ్ళీ కలుస్తుంది, అక్కడి నుంచి విజయవాడ గంట ప్రయాణం. బస్సులో వచ్చినవారు ఈ చివరి అడుగుకు బందరులోనే ఒక కారు మాట్లాడుకుని, పామర్రులో దిగి విజయవాడ బస్సు ఎక్కితే సరిపోతుంది.